పట్టికలకు కావలి



గృహమునందు ఏ వస్తువు ఎచ్చట నున్నదో ఎరిగిన ఇల్లాలి శ్రమ ఎవరి కంటను పడదు. అడిగిన తోడనే తాళపుచెవి చేతికి వచ్చునంత కాలము, అది తనంతట తానే అచ్చట నుండునని ఇంటివారు తలంతురు. బ్యాంకులయందును, ఆసుపత్రులయందును, మన విశాఖపట్టణపు రేవు, ఉక్కు కర్మాగారము వంటి మహాసంస్థలయందును ఇట్టి ఇల్లాలి పనిని నేడు చేయువారికి డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్లని పేరు. నా చెల్లెలు ఋషికొండ ప్రాంతమునందలి ఒక కార్యాలయమున ఈ యుద్యోగమే చేయుచున్నది.

ఆమె అత్తవారింట ఒక ఆక్షేపణ పుట్టెను. నెలలో కొన్ని రాత్రులు ఆమె నిద్ర మాని కంప్యూటరు ముందు కూర్చుండును. "పగలెల్ల చేసిన పని చాలదా? కోడలు అర్ధరాత్రివేళ దీపము పెట్టుకొని కూర్చున్నచో సంసార మెట్లు సాగును?" అని అత్తగారు మా యమ్మతో అనిరి. ఉద్యోగము మాన్పింత మను మాటయు బయలుదేరెను. ఇంటివద్ద కావ్యములు చదువుకొన్న దాననే గాని నాకీ విద్య తెలియదు. అందుచేత చెల్లెలిని కూర్చుండబెట్టి అడిగి తెలిసికొంటిని.

1970వ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ అను నాతడు సమాచారమునెల్ల పట్టికలుగా నమర్చు పద్ధతిని ఒక వ్యాసమున ప్రకటించెను. మా వారు ఉపాధ్యాయులు గనుక పాఠశాలనే దృష్టాంతముగా చెప్పెదను. బాలికల పేర్లు, చిరునామాలు ఒక పట్టిక, మార్కులు వేరొకటి, రుసుములు ఇంకొకటి. అన్నిటను చిరునామా వ్రాసినచో, ఇల్లు మారిననాడు ఒకచోట దిద్ది మరియొకచోట మరతురు. కావున చిరునామా ఒక్కచోటనే వ్రాసి, తక్కినవానిలో బాలిక సంఖ్యను మాత్రము వ్రాయవలెను. ఆ సంఖ్యనుబట్టి పట్టికలను కలిపి చదువవచ్చును. తరగతిలో ఇద్దరు లక్ష్ములున్నను ఒకరి మార్కులు వేరొకరికి పోవు. ఈ సంఖ్యకు ప్రైమరీ కీ యని పేరు.

ఇక రాత్రి మేలుకొనుట యేల? జనులు వాడుకొనుచుండగా పట్టికలను కదలించుట, పంక్తిలో వడ్డన జరుగుచుండగా పొయ్యి బాగుచేయుట వంటిది. అందుచేత పెద్ద మార్పులను వాడుక తక్కువగు వేళనే పెట్టుకొందురు.

అన్నింటికంటె ముఖ్యమైన పని, సమాచారమునకు ప్రతులు తీసి భద్రపరచుట. దీనిని బ్యాకప్ అందురు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మన పట్టణమును తాకిన సంగతి మనమెవరము మరతుము? విద్యుత్తు, టెలిఫోనులు దినములతరబడి లేకపోయెను. మా పొరుగింటి పిన్నిగారి ఇంటి దస్తావేజులును, వాని నకళ్లును ఒకే ట్రంకుపెట్టెలో నుండెను. కిటికీ విరిగి వాననీరు లోపలికి వచ్చుటచే రెండును ఒక్కసారే తడిసెను. ఈ కారణముచేతనే ఆ వృత్తివారికి ఒక నియమము కలదు: మూడు ప్రతులుండవలెను, అవి రెండు విధములైన సాధనములపై నుండవలెను, ఒకటి వేరొక ఊర నుండిన మేలు.

అంతమాత్రమున చాలదు. ప్రోగ్రాములు వ్రాయువారు తమ వ్రాతలను దాచుకొను గిట్‌ల్యాబ్ సంస్థలో, 2017 జనవరి 31వ తేదీ రాత్రి ఒక యుద్యోగి వేరొక సర్వరుపై చేయదలచిన తుడుపును ప్రధాన సర్వరుపై చేసెను. గ్రహించి ఆపునప్పటికే సుమారు 300 జీబీల సమాచారము పోయెను. ప్రతుల కొరకు ఐదు ఏర్పాట్లుండియు ఒక్కటియు సరిగా పనిచేయుట లేదని అప్పుడు తెలిసెను. దినదినము తీయవలసిన ప్రతి, సాధనము పాతదగుటచే తయారే కాకుండెను. విఫలమైనదని తెలుపు ఈమెయిళ్లును చేరకుండెను. ఆరు గంటలకు ముందు వేరొక పనికై తీసిన ప్రతి దొరకుటచే చాలవరకు దక్కెను. సంస్థవారు దాచక సర్వమును లోకమునకు వెల్లడించిరి.

కావుననే నా చెల్లెలు కొన్ని రాత్రులు పాత ప్రతిని వేరొక యంత్రముపైకి ఎక్కించి, వరుసలన్నియు సరిగా వచ్చినవో లేవో చూచును. ఈ మాట వినగానే ఆమె అత్తగారు, "విత్తనములను తడిగుడ్డలో కట్టి మొలక చూచినట్లన్నమాట!" అనిరి. వారు అనకాపల్లి వైపు వ్యవసాయ కుటుంబమువారు. ఉద్యోగము మానుమను మాట తరువాత వినబడలేదు. కోడలి నిద్ర చెడుచున్నదను విచారము మాత్రము ఉన్నది, అది న్యాయమే. రాత్రి పనిచేసినవారికి మరునాడు విశ్రాంతి నిచ్చుట కార్యాలయమువారికిని, ఇంటివారికిని కూడ ధర్మము.

ఈ వృత్తిలో ప్రవేశించిన చెల్లెండ్రకు మా చెల్లెలు చెప్పుమన్న మాటలు కొన్ని. వరుసలను తుడుచు డిలీట్ ఆజ్ఞకు ముందు, అదే నియమముతో సెలెక్ట్ ఆజ్ఞ నిచ్చి ఎన్ని వరుసలు వచ్చునో చూడుడు. వేర్ అను నియమమును మరచినచో పట్టిక యంతయు ఖాళీయగును. మార్పును ట్రాన్సాక్షన్‌లో మొదలిడినచో, స్థిరపరచుటకు ముందు వెనుకకు మరలవచ్చును. ఏ సర్వరుపై నున్నారో పైకి చదువుకొనుడు. పెద్ద తుడుపునకు రెండవవారిని తోడు పెట్టుకొనుడు.

వార్త యొకటి. 1986లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున మొదలైన పరిశోధననుండి పెరిగిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ యొక్క 18వ రూపము 2025 సెప్టెంబరున వెలువడినది. ఒక్కొక్క రూపమునకు ఐదేండ్లే మరమ్మతులు లభించును. 13వ రూపమునకు 2025 నవంబరుతో అవి ముగిసినవి. ఇది వెల లేనిది గనుక ఇంటనుండియే నేర్చుకొనవచ్చును. మన దేశమునందలి దాని వాడుకరులు 2024, 2025 సంవత్సరములలో బెంగుళూరున సభలు జరుపుకొనిరి.

పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి కాగితములు మనమందరమును ఫోనులలోను, పెట్టెలలోను దాచుకొన్నవారమే. ఈ ఆదివారమున ఆ ప్రతులలో నొకదానిని తెరచి, చదువుటకు వచ్చునేమో చూడుడు.