వేగానికీ ఓ చోటుంది!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... చాలామందికి ఇవి దారిలో ఆగి, టీ తాగి సాగిపోయే ఊళ్లే. కానీ సొంత కారుని ఒక్కసారైనా రేస్ ట్రాక్ మీద నడపాలన్న సరదా ఉంటే మాత్రం... ఆ ప్రయాణానికి ఈ మూడూళ్లే తొలి పాఠశాల!

సూర్యాపేట దాటితే 65వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలతో కోదాడ వైపు సాగిపోతుంది. కొత్త కారు చేతిలో ఉంటే కాలు యాక్సిలరేటర్‌ని ఇంకాస్త నొక్కాలనే చూస్తుంది. కానీ ఈ రోడ్డు అందరిదీ. సంక్రాంతికి ఊళ్లకెళ్లే కుటుంబాలది. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టుకు లింగమంతుల స్వామి జాతరకొచ్చే లక్షలాది భక్తులది. మిర్యాలగూడ రైస్ మిల్లులకు ధాన్యం మోసే ట్రాక్టర్లది. నాలుగు వరుసల రహదారిపై కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు. బోర్డు మీద అంతకన్నా తక్కువుంటే అదే లెక్క. మరి వేగం ముచ్చట తీరేదెలా?

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా-ఇ కార్లు దూసుకెళ్తుంటే తెలుగువాళ్లు కళ్లార్పకుండా చూశారు. అది చూసే పండగ. స్వయంగా నడపాలంటే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై వెళ్లాలి. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ కట్టిన ఆ ట్రాక్ 1990లో మొదలైంది. పొడవు 3.7 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. సొంత కార్లవాళ్ల కోసం అక్కడ ట్రాక్ డేలూ జరుగుతుంటాయి. ట్రాక్ డే అంటే పోటీ కాదు. గెలుపోటములుండవు. ఎదురొచ్చే బండి, అడ్డొచ్చే గేదె లేనిచోట కారునీ తననీ తెలుసుకునే రోజు.

సిద్ధం చేయాల్సింది ఇంజిన్‌నే అనుకుంటారు చాలామంది. కాదు, ముందు బ్రేకుల్ని! బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్-4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ట్రాక్ మీద పదేపదే బ్రేకు వేస్తే పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. అందుకే కొత్త ఆయిల్ పోయించాలి. అరిగిన బ్రేక్ ప్యాడ్లు మార్పించాలి. టైర్లలో పగుళ్లు, ఉబ్బులు లేకుండా చూసుకోవాలి. ఇంజిన్ ఆయిల్, కూలెంట్ తగినంత ఉండాలి. చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో బిగించాలి.

ఇదంతా సూర్యాపేటలో తెలిసిన మెకానిక్ దగ్గర వారం ముందే చేయించుకోవచ్చు. తర్వాత కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ మీదుగా మళ్లీ సూర్యాపేటకు మామూలు వేగంతో ఓ చుట్టు చుడితే సరి. దాదాపు నూటయాభై కిలోమీటర్లు. ఎక్కడ ఆయిల్ కారుతోందో, ఏ చక్రం దగ్గర చప్పుడొస్తోందో ఈ చుట్టులోనే బయటపడుతుంది.

ఇక అసలు ప్రయాణం. కోదాడ, విజయవాడ మీదుగా ఒక దారి. మిర్యాలగూడ నుంచి వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ల, అద్దంకి మీదుగా మేదరమెట్ల దగ్గర చెన్నై రహదారిలో కలిసేది ఇంకోటి. ఎటెళ్లినా ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. చెన్నై పొలిమేరల్లో షోళవరం తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు ఆ రన్‌వే మీదే ఒకప్పుడు రేసులు జరిగేవి!

ట్రాక్ దగ్గర కారు ఖాళీ చేయాలి. స్టెప్నీ, జాకీ, మ్యాట్లు, డ్యాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మతో సహా! పెడల్ కిందికి దొర్లిన నీళ్ల సీసా చాలు, ప్రాణం మీదికి తేవడానికి. హెల్మెట్, బూట్లు, ఒంటినిండా నూలు బట్టలు ఉండాలి. నాలుగు చుట్లు కాగానే ఒక చుట్టు నెమ్మదిగా తిప్పి బ్రేకుల్ని చల్లారనివ్వాలి. ఆపాక హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో ఉంచాలి. వేడికి టైర్లలో ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు గాలి తీస్తే, చల్లారాక మళ్లీ నింపాలి.

ఇంకో సంగతి. మామూలు కారు బీమా రేసింగ్‌కీ, వేగ పరీక్షలకీ వర్తించదు. ట్రాక్ డేకి వెళ్లేముందే కంపెనీని అడగాలి.

ఎందుకిన్ని జాగ్రత్తలు? రేసు కారైతే లారీ ఎక్కి ఇల్లు చేరుతుంది. ఈ కారు తన చక్రాల మీదే తిరిగి రావాలి. మర్నాడు పిల్లల్ని బడికి దింపాల్సిందీ, అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందీ అదే మరి!