డిప్ చేస్తే ఆరిపోవాలి

విజయవాడ ఆటోనగర్ అనగానే లారీ బాడీలు కట్టే షెడ్లే ఎక్కువమందికి గుర్తొస్తాయి. వెల్డింగ్ మెరుపులూ సుత్తి చప్పుళ్ళూ దాటుకుని లోపలి వీధుల్లోకి వెళ్తే ఆటో ఎలక్ట్రికల్ షెడ్లు కనిపిస్తాయి. సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, హారన్లు బాగుచేయడం వీటి పాత పని. ఇప్పుడు వీటి ముందు మోటార్‌సైకిళ్ళు కూడా ఆగుతున్నాయి. చలికాలం మంచులో లంబసింగి వెళ్ళాలనుకునే కుర్రాళ్ళు, రాత్రిపూట హైదరాబాదు రోడ్డు మీద తిరిగే ఉద్యోగులు హెడ్‌లైట్ చాలడం లేదని అదనపు లైట్లు పెట్టించుకోవడానికి వస్తున్నారు. ఆ పని మొదటి నుంచి చివరి దాకా ఎలా సాగుతుందో చూడాలని అలాంటి ఒక షెడ్డుకి వెళ్ళాను. చూశాక నాకు గట్టిగా అనిపించింది ఇది: లైటు ఎన్ని వాట్లది, ఏ కంపెనీది అన్న చర్చలోనే కొనేవాళ్ళ శ్రద్ధంతా ఖర్చయిపోతోంది. రోడ్డు మీద మంచిచెడ్డలు తేల్చేది మాత్రం దాన్ని వెలిగించే వైరు ఎక్కడినుంచి తెచ్చామన్నది. ఎదుటి బండి కోసం మనం డిప్ చేసినప్పుడు దూరం కొట్టే అదనపు లైటు దానంతట అదే ఆరిపోవాలి. ఈ పనిలో అది మొదటి నియమం కావాలి.

మేస్త్రి లైట్ల పెట్టె తెరవక ముందే మల్టీమీటరు తీశాడు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది. స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేస్తే 14 దాటింది. ఈ రెండు అంకెలూ సరిగ్గా ఉంటేనే మిగతా పని అన్నాడు. అందులో న్యాయం ఉంది. బండిలో కరెంటు పుట్టించేది స్టేటర్. దానికి ఒక హద్దు ఉంటుంది. ఇగ్నిషన్, ఫ్యూయల్ పంపు, హెడ్‌లైట్ తమ వాటా తీసుకున్నాక మిగిలిందే అదనపు లైట్లకి దక్కుతుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్తగా తయారయ్యే ద్విచక్ర వాహనాలకు ఇంజన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. అంటే పగలు సైతం ఆ వాటా ఖర్చవుతూనే ఉంటుంది. రెండూ కలిపి 40 వాట్లుండే ఎల్ఈడీ జత సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది. 55 వాట్ల హాలోజన్లు రెండు పెడితే అది 8 ఆంపియర్లు దాటుతుంది. ట్రాఫిక్‌లో ఐడిల్ మీద నిలబడ్డ బండిలో స్టేటర్ ఇచ్చేది తక్కువ, లైట్లు తినేది ఎక్కువ. ఆ లోటు బ్యాటరీ మీద పడుతుంది, మర్నాడు పొద్దున సెల్ఫ్ తిరగదు. లైటు కొనే ముందు బండి ఎంత భరించగలదో కొలవడం అందుకే అవసరం.

తర్వాత వైరు. చాలాచోట్ల హెడ్‌లైట్ వైరును గీకి, కొత్త లైటు వైరు దానికి చుట్టి, టేపు వేసి పంపేస్తారు. పది నిమిషాల్లో అయిపోతుంది, వెంటనే వెలుగుతుంది కూడా. కానీ బండితో వచ్చిన ఆ సన్నని వైరూ, హ్యాండిల్ మీది చిన్న స్విచ్చి కాంటాక్టులూ ఒక్క హెడ్‌లైట్‌కు లెక్కగట్టి పెట్టినవి. వాటి మీద రెట్టింపు భారం వేస్తే స్విచ్చిలో కార్బన్ పడుతుంది, కప్లర్ కరుగుతుంది. వెలుగూ తగ్గుతుంది. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు మీటరుకు సుమారు 35 మిల్లీఓముల నిరోధం ఉంటుంది. పోనూ రానూ నాలుగు మీటర్ల దారిలో 8 ఆంపియర్లు నడిపిస్తే ఒక వోల్టుకు పైగా వైరులోనే పోతుంది. హాలోజన్ బల్బుకి అంత వోల్టేజీ తగ్గితే వెలుగులో దాదాపు నాలుగో వంతు పోయినట్టే. అదే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే నష్టం అర వోల్టు లోపే ఉంటుంది. డబ్బు పోసి కొన్న వెలుగును సన్న వైరుకి అర్పించుకోవడం తెలివైన పని కాదు.

నేను చూసిన షెడ్డులో దారి వేరు. బ్యాటరీ ప్లస్ నుంచి లావు వైరు తీసి, దానికి బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాడు. ఫ్యూజు కాపాడేది వైరుని. అందుకే అది వైరు మొదట్లో ఉండాలి. లైటు దగ్గర పెడితే మధ్యలో ఎక్కడ షార్ట్ అయినా ఫ్యూజుకి తెలియదు, బండి అంటుకుంటుంది. 3 ఆంపియర్లు లాగే జతకి 5 ఆంపియర్ల ఫ్యూజు వేశాడు. ఫ్యూజు నుంచి వైరు రిలేలో 30 అని రాసిన పిన్నుకి, 87 నుంచి లైట్లకి. 85 ఎర్త్‌కి. 86కి వచ్చేది ట్రిగ్గర్ వైరు. రిలే కాయిలు లాగేది ఆంపియరులో ఆరేడో వంతే కాబట్టి, హ్యాండిల్ స్విచ్చి మీద దాదాపు ఏ భారమూ ఉండదు. లైట్ల ఎర్త్‌ను ఫోర్కు బోల్టుకి బిగించలేదు. అలా బిగిస్తే కరెంటు హ్యాండిల్ తిరిగే బేరింగుల గుండా వెళ్ళాలి, గుంతలో పడ్డప్పుడల్లా లైటు మిణుకుతుంది. ఎర్త్ వైరును నేరుగా బ్యాటరీ మైనస్‌కి తెచ్చాడు. థింబుల్స్‌ను క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, పైన హీట్ స్లీవ్ వేశాడు. టంకం ఎందుకు పెట్టలేదంటే, కరిగిన సీసం పోగుల్లోకి పాకి గట్టిపడ్డ చోటే అదురుకి వైరు తెగుతుందన్నాడు. టేపు జిగురు మన ఎండలకి కారిపోతుందన్నది ఇంకో కారణం. హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి, వైరు ఎక్కడా బిగుసుకోవడం లేదని చూశాకే ట్యాగులు లాగి కట్టాడు.

ఇంతవరకూ చెప్పింది బండి క్షేమం. 86వ పిన్నుకి వచ్చే ట్రిగ్గర్ దగ్గరే ఎదుటి మనిషి క్షేమం మొదలవుతుంది. ట్రిగ్గర్‌ని ఇగ్నిషన్ నుంచి తెచ్చి మధ్యలో విడి స్విచ్చి పెడితే, లైటు ఆర్పడం నడిపేవాడి జ్ఞాపకం మీద ఆధారపడుతుంది. హై బీమ్ వైరు నుంచి తెస్తే, డిప్ చేసిన క్షణంలోనే రిలే వదిలేస్తుంది, లైట్లు ఆరిపోతాయి. లైటు అవసరం లేనప్పుడు పూర్తిగా ఆపుకోవడానికి విడి స్విచ్చి కూడా ఉండొచ్చు. కానీ డిప్‌లో ఉన్నప్పుడు దానితో లైటు వెలగకూడదు. రెండు వరసల రోడ్డు మీద కళ్ళు బైర్లు కమ్మిన మనిషికి చూపు కుదురుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది, వయసు మీద పడ్డవాళ్ళకి ఇంకా ఎక్కువ. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే 50 మీటర్లు. అంత దూరం అతను గుడ్డిగా వస్తాడు, వచ్చేది మన వైపే. ఎదురుగా వచ్చేవాణ్ణి చూసి బొటనవేలితో డిప్ చేయడం మనకు చేతికి పట్టిన అలవాటు. ఇంకో స్విచ్చి వెతికి నొక్కడం అలా పట్టే అలవాటు కాదు, అందులోనూ బ్రేకు, క్లచ్చి, గుంత అన్నీ ఒకేసారి ఎదురైనప్పుడు. మంచితనం ఉన్నవాడు కూడా మరిచిపోతాడు. మరిచిపోయినా హాని జరగకుండా చూడగలిగేది వైరింగే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం సబబైనదే. మంచులో హై బీమ్ పనికిరాదు. వెలుగు నీటి తుంపరల మీద పడి తిరిగి మన కళ్ళలోనే కొడుతుంది. అలాంటప్పుడు లో బీమ్‌తో పాటే అదనపు లైటు కావాలి కదా? కావాలి. అది ఫాగ్ లైటు. దాని కాంతి వెడల్పుగా, పైఅంచు తెగినట్టుగా, రోడ్డుకి దగ్గరగా పరుచుకుంటుంది. దాన్ని కింద బిగించి, నేలవైపు వంచి, విడి స్విచ్చితో వాడుకోవచ్చు. ఇబ్బంది ఎక్కడంటే, బజారులో ఫాగ్ లైట్లన్న పేరుతో అమ్మేవాటిలో చాలావరకు దూరం కొట్టే స్పాట్‌లైట్లే. గోడ ముందు బండి నిలిపి వెలిగిస్తే తేడా తెలిసిపోతుంది: గోడ మీద అడ్డంగా పట్టీ పడితే ఫాగ్, గుండ్రంగా ముద్దపడితే స్పాట్. ముద్దపడే లైటుకి హై బీమ్ ట్రిగ్గర్ తప్ప వేరే దారి ఉండకూడదు.

రెండో అభ్యంతరం పనివాళ్ళ నుంచి వస్తుంది. అన్ని బళ్ళలోనూ హై బీమ్ నుంచి ట్రిగ్గర్ తీయడం కుదరదంటారు. కొంతవరకు నిజం. పాత 100 సీసీ బళ్ళలో చాలావాటికి హెడ్‌లైట్ నేరుగా మాగ్నెట్ నుంచి వచ్చే ఏసీ మీద నడుస్తుంది. దాన్ని రిలేకి ఇస్తే రిలే గరగరలాడుతుంది. కొత్త ఖరీదైన బళ్ళలో హెడ్‌లైట్‌ని కంట్రోల్ యూనిట్ కనిపెట్టుకుని ఉంటుంది. వైరు కోస్తే మీటరు మీద ఎర్రర్ చూపిస్తుంది, వారంటీకీ చిక్కు వస్తుంది. పాత బండికి ఆ ఏసీని డీసీగా మార్చి రిలేకి ఇచ్చే చిన్న ఏర్పాటు చాలు. కొత్త బండికి కంపెనీ యాక్సెసరీగా ఇచ్చే లైట్లూ, దానికి సరిపోయే కప్లర్లూ ఉన్నచోట అవే వాడాలి. ఈ రెండూ కుదరని బండికి దూరం కొట్టే లైటు పెట్టకపోవడమే సరైన పని. ఇక ఖర్చు. రిలే, ఫ్యూజు హోల్డరు, మంచి వైరు, స్లీవ్‌లు కలిపినా మంచి లైట్ల జత ధరలో చిన్న భాగమే అవుతుంది. తక్కువ వాట్ల ఎల్ఈడీకి రిలే దేనికని అడిగేవాళ్ళకీ జవాబుంది: వాట్లు తక్కువైతే వైరు భారం తగ్గుతుంది, ఎదుటివాడి కళ్ళలో పడే వెలుగు తగ్గదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం చట్టానిది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 111వది, రిజిస్టరింగ్ అధికారి అనుమతి లేకుండా వాహనం ముందు స్పాట్‌లైటు గానీ సెర్చ్‌లైటు గానీ ఉండకూడదంటుంది. 106వది, 8 మీటర్ల దూరంలో 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటిని మిరుమిట్లు గొలపకుండా ముందు దీపాల కాంతి కిందికి వంగి ఉండాలంటుంది. ఇది నా వాదనకి అడ్డు కాదు, దాని పునాది. వైరింగ్ ఎంత చక్కగా చేసినా అనుమతి లేని స్పాట్‌లైటుకి సమర్థన దొరకదు. బజారులో దొరుకుతోంది, గిరాకీ అడుగుతున్నాడు, బిగించాను అనడం పనివాడికి తగిన మాట కాదు. ఒక ఫాగ్ జత కొని తెచ్చిన కుర్రాడు, "అన్నా, కాస్త పైకి లేపు, దూరం కొట్టాలి" అంటే, ఆ మేస్త్రి "లేపను తమ్ముడూ, ఎదురుగా వచ్చేవాడు కూడా ఇంటికి చేరాలిగా" అన్నాడు. 106వ నిబంధన సారమంతా ఆ మాటలో ఉంది.

ఈ పనిని నిలబెట్టాలంటే పనివాడి మంచితనాన్నే నమ్ముకుంటే సరిపోదు, కొనేవాడు అడగడం నేర్చుకోవాలి. ఫ్యూజు ఎక్కడ పెట్టావు, ఎన్ని ఆంపియర్లది, ట్రిగ్గర్ ఎక్కడినుంచి తెచ్చావు: ఈ మూడు ప్రశ్నలకి జవాబు రాని చోట లైటు పెట్టించుకోకూడదు. డబ్బు ఇచ్చే ముందు గోడ ముందు బండి నిలిపి, హై బీమ్‌లో ఒకసారి, డిప్‌లో ఒకసారి చూసుకోవాలి. ఆటో ఎలక్ట్రికల్ ట్రేడు నేర్పే ఐటీఐల్లో ఈ సర్క్యూట్‌ని ఒక ప్రాక్టికల్‌గా చేయించాలి. షెడ్డు వాళ్ళు బిల్లుతో పాటు తాము వేసిన వైరింగ్ బొమ్మ గీసి ఇవ్వాలి. ఏ ఊళ్ళో బండి ఆగినా అక్కడి మేస్త్రికి అది దారి చూపుతుంది, వేసినవాడి జవాబుదారీ కూడా కాగితం మీద ఉంటుంది.