మలక్పేట గుఱ్ఱములు

మా నారాయణఖేడు మూడు నాలుగు భాషలు కలిసిన చోటు. అంగడిలో బేరము తెలుగున మొదలై కన్నడమున సాగి మరాఠీలో ముగియుట మాకు వింత గాదు. 1956 వఱకు ఈ ప్రాంతము బీదరు జిల్లాలోనిది. పిదప మెదకులో చేరి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాకు చెందినది. మా ఊరివారికి గుఱ్ఱమనగా పెండ్లికుమారుడు ఎక్కి ఊరేగునట్టిది. పెండ్లికూతు రెక్కునది గాదు. మా చెల్లెలి కుమార్తె ఆరేండ్లప్పుడు ఒక బరాతులో తానును గుఱ్ఱముపై కూర్చుండెదనని నేలబడి ఏడ్చినది. అందఱమును నవ్వితిమి. ఇప్పుడా పిల్లకు పందొమ్మిదేండ్లు. ఏడ్పు మానినది గాని పట్టు మానలేదు. జాకీ విద్య నేర్చుకొందునని తండ్రితో చెప్పినది.

ఇంటిలో పిడుగు పడినట్లయినది. కారణము చెప్పక తప్పదు. మా పెదనాయనకు గుఱ్ఱపు పందెముల పిచ్చి యుండెడిది. ఏ పట్టణమున ఆడెనో, ఏ గుఱ్ఱమును నమ్మెనో ఇప్పుడు తవ్వి ప్రయోజనము లేదు. నాయనమ్మ వడ్డాణము, కంటె, తుదకు చెఱువు క్రింది మడి, అన్నియు పోయినవి. అయినను ఆమె గుఱ్ఱమును ఎన్నడును తిట్టి యెఱుగదు. "దాని తప్పేమున్నదే? ఉరుకుమన్నప్పుడు ఉరికినది. సొమ్ము పెట్టినవాడు మనవాడు గదా" అనెడిది.

"నేను చూచి వచ్చి చెప్పెదను, అందాక పిల్ల నేమియు ననవద్దు" అని మఱదికి మాట యిచ్చి, దానిని వెంటబెట్టుకొని బయలుదేరితిని.

బస్సు పెద్దశంకరంపేట, జోగిపేట దాటి, మంజీర వంతెన మీదుగా సంగారెడ్డి చేరినది. ఆ ఊరికి పేరిచ్చిన సంగారెడ్డి రాణీ శంకరమ్మ కుమారుడు. ఆడుది రాజ్యమేలిన సీమలో ఆడుపిల్ల గుఱ్ఱ మెక్కెదనన్న ఇంత రభస యేల యని ఒక్కమారు తోచినది. మియాపురమున మెట్రో రైలెక్కితిమి. అదే బండి తిన్నగా మలక్పేటలో దింపినది.

పూర్వము మౌలాలీ వద్ద జరుగుచుండిన పందెములను ఆఱవ నిజాము మీర్ మహబూబు అలీఖాను 1886లో తన సౌధమునకు చేరువగా ఈ మలక్పేటకు మార్పించెను. ఇప్పటి హైదరాబాదు రేసు క్లబ్బు 1961లో ఏర్పడినది. వానకాలపు పందెములు, చలికాలపు పందెములు అని రెండు ఋతువులు. మేము పోయినది వానకాలమున. పచ్చిక తడిసి మెఱయుచుండెను.

పందెమునకు ముందు గుఱ్ఱములను ఒక ఆవరణమున చుట్టును నడపింతురు. సోదరీమణులారా, అది చూడదగినది! చర్మము పట్టువలె పలుచన. దాని క్రింద నరములు తీగలవలె కనబడును. ఒక్కొక్కటి నాలుగైదువందల కిలోల జీవము. పైన కూర్చుండువాడు ఏబది కిలోలకు అటునిటు. ఈ జాతి మన దక్కనుది గాదు. భీమానదీ తీరమున మరాఠాదండును మోసిన భీమథడి తట్టువులు వేఱు. ఈ పందెపు జాతిగుఱ్ఱములన్నిటి మగవంశము తూర్పుదేశములనుండి ఇంగ్లండునకు కొనిపోయిన మూడే పోతులనుండి పుట్టినది: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్.

మెట్లపై కూర్చుండి, "నీ వే గుఱ్ఱము నెక్కవలె ననుకొందువే?" అని యడిగితిని. పిల్ల యొక నోటుపుస్తకము తీసినది. మన దేశపువి మొదట: 23 పందెములలో 22 గెలిచిన ఎల్యూసివ్ పింపర్నెల్, 19లో 18 గెలిచి 1977లో ఇండియన్ డర్బీ కొట్టిన స్క్వాండరర్. అమెరికాలో 1973లో బెల్మాంట్ పందెమున తక్కినవానిని 31 గుఱ్ఱపు నిడుపుల వెనుక విడిచిన సెక్రటేరియట్. "దాని నెక్కిన వెనుక గిట్టల చప్పుడే వినబడదు గదా పెద్దమ్మా!" అనినది.

కాని పుస్తకమున మొదటి పుట ఫార్ లాప్‌ది. 1926లో న్యూజీలాండున పుట్టి, 160 గినీలకే అమ్ముడుపోయిన ఎఱ్ఱగుఱ్ఱ మది. 51 పందెములాడి 37 గెలిచినది. 1930లో మెల్బోర్న్ కప్పునకు మూడునాళ్లు ముందు ఎవడో దానిపై తుపాకి కాల్చెను. తప్పించుకొని ఆ కప్పును గెలిచినది. టామీ వుడ్‌కాక్ అను సాయీసు దానికి ప్రాణము. 1932 మార్చిలో మెక్సికోలో గెలిచి, ఏప్రిల్ 5న కాలిఫోర్నియాలో కడుపునొప్పితో గిలగిలలాడి అతని యెదుటనే చచ్చినది. దాని గుండె ఆఱు కిలోలకు పైగా తూగినది. కాన్‌బెరాలో నేటికిని చూపుదురు. చర్మము మెల్బోర్నున, ఎముకలు న్యూజీలాండున. ఒక్క జీవమును మూడు చోట్ల పంచుకొనిరి. నాకది యేమియు నచ్చలేదు.

చివరి పుటలో మిషెల్ పేన్. పదిమంది బిడ్డలలో కడగొట్టుది. ఆఱునెలల పసికందుగా తల్లిని పోగొట్టుకొన్నది. 2004లో గుఱ్ఱముపైనుండి పడి పుఱ్ఱె చిట్లినది. 2015లో ప్రిన్స్ ఆఫ్ పెంజాన్స్ నెక్కి మెల్బోర్న్ కప్పు గెలిచిన మొదటి స్త్రీ యైనది. పందెగాండ్రు ఆ గుఱ్ఱమునకు నూటికొకటి అని వెలకట్టియుండిరి. పిల్ల గెలుపును గూర్చి చెప్పినది. నేను పుఱ్ఱెను గూర్చి అడిగితిని. "అదియు వ్రాసికొంటిని, చూడు" అని వేలితో చూపినది.

మా చుట్టునున్నవారందఱు చీట్లు పట్టుకొని కేకలు వేయుచుండిరి. ఒకడు చీటి చింపి నా కాళ్లవద్ద వేసిపోయెను. ఆ క్షణమున నాయనమ్మ వడ్డాణము నా కన్నులకు కట్టినది, లేచి పోదమనుకొంటిని. పిల్ల నా చేయి పట్టుకొన్నది. అది గెలిచిన గుఱ్ఱమును చూచుటలేదు. "పెద్దమ్మా, ఆ కడపటి నల్లది ఎడమ ముందుకాలు తేలికగా మోపుచున్నది." నా కేమియు కనబడలేదు. కొంతసేపటికి సాయీసు వంగి ఆ కాలినే తడవి చూచెను.

రాత్రి ఇల్లు చేరునప్పటికి మఱది అరుగుపై మేలుకొనియున్నాడు. "ఎంత పోయినది వదినా?" అనెను. బస్సు, మెట్రో, ప్రవేశపు టికెట్ల లెక్క అతని ముందు పెట్టితిని. రెండుమార్లు కూడి చూచెను. పిల్ల తెచ్చిన దరఖాస్తుకాగితము నడుగగా ఇచ్చితిని. సంతకము చేయలేదు, చింపనులేదు. మడిచి, దేవుని గూటిలో పంచాంగము క్రింద పెట్టి, పండుకొనుటకు లోపలికి పోయెను.