బాగు చేయొచ్చు... మెరుగు చేయకూడదు!

కారు రేసు అనగానే అందరి చూపూ ముందుకే పోతుంది. ఇంజిను ఏ కంపెనీది, వేగం ఎంత, నడిపేది ఎవరు... ఇవే ప్రశ్నలు. కారు కింద, వెనక చక్రాల మధ్య దుమ్మూ గ్రీజూ పట్టి ఉండే సస్పెన్షన్ సంగతి ఎవరికీ పట్టదు. కానీ సొంత డబ్బు పెట్టుకుని, సెలవు రోజుల్లో సరదాగా రేసులకు వెళ్లే క్లబ్బు పోటీదారులను అడిగి చూడండి. సగం పంచాయితీలు అక్కడే అంటారు!

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకార గ్రామం రాజయ్యపేట. రేసులతో ఆ ఊరికి సంబంధం లేదు. అయినా అలాంటి తీరప్రాంతాల్లో చేపల లోడు వేసుకెళ్లే బండ్లవారికి వెనక సస్పెన్షన్ విలువ ఒకరు చెప్పక్కర్లేదు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. బరువుకి కమాన్లు కుంగుతాయి. ఒక పట్టీ విరిగితే ఆ చోట ఇంకాస్త మందమైనది వేయిస్తారు. వీలైతే అదనంగా మరోటి కట్టిస్తారు. మళ్లీ విరక్కుండా ఉంటే చాలు. రోడ్డు మీద అది తెలివైన పని. రేసులో అదే పని చేస్తే మాత్రం ఫలితాల పట్టికలోంచి పేరు ఎగిరిపోతుంది!

పళ్ల లెక్క

ఎందుకలా? జవాబు మన పల్లెల్లోనే ఉంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి తెలుసు... రెండు పళ్ల గిత్తలు ఒక విభాగం, నాలుగు పళ్లవి మరొకటి, ఆరు పళ్లవి ఇంకొకటి. లేత గిత్తల్ని ముదురు ఎడ్లకు పోటీగా దించితే చూసేవారికీ సరదా ఉండదు, పెంచినవారికీ న్యాయం జరగదు. కార్ల రేసుల్లో నిబంధనల పుస్తకం చేసేది ఆ పళ్ల లెక్కే. ఏ విభాగంలో ఏం మార్చవచ్చో అందులో రాసి ఉంటుంది. రాయనిది ఏదైనా సరే... నిషిద్ధమే!

మరి వెనక సస్పెన్షన్ మీదే అంత పట్టుదల ఎందుకంటే, ఇంజిన్ని ముట్టుకోకుండా సమయం తగ్గించుకునే దారి అది. మారుతి 800 లాంటి కార్లను ముందు చక్రాలు లాగుతాయి. వేగంగా మలుపు తిరిగేటప్పుడు ఆ చక్రాలే జారిపోయి, స్టీరింగ్ తిప్పినంతగా కారు తిరగదు. వెనక వైపు గట్టిపరిస్తే కారు చురుగ్గా తిరుగుతుంది. మలుపులో లోపలివైపు వెనక చక్రం ఒక్కోసారి గాల్లోకి లేస్తుంది కూడా. అదే పని శ్రుతిమించితే తోక జారి కారు బొంగరమైపోతుంది. లాభమూ ప్రమాదమూ ఒకే బోల్టుకి వేలాడుతుంటాయన్నమాట.

పాతతరానికి ఇది అనుభవమే. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారులో వెనక చక్రాలు దేనికది విడిగా కదిలేవి. రెంటినీ కలుపుతూ అడ్డంగా ఒకటే కమాను కట్ట. మలుపులో మరీ వేగంగా తిప్పితే బయటి చక్రం లోపలికి ముడుచుకుని కారు వెనక భాగం పైకి లేచేది. ఆ పద్ధతి మన మెకానిక్కులకూ అంతగా అలవాటు కాలేదు. 1972లో అదే కంపెనీ తెచ్చిన గజెల్‌లో మామూలు ఇరుసే వేశారు. గొప్ప పరిజ్ఞానం కన్నా, వీధి చివరి షెడ్డులో బాగుచేయగలిగిందే మేలని ఒప్పుకొన్నట్టే కదా!

కోయంబత్తూరు పాఠం

ఆ కిటుకును రేసుల్లోకి తెచ్చినవాడు మరొకరున్నారు... ఎస్.కరివర్ధన్. కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ నడిపిన తెలుగు నాయుళ్ల కుటుంబం ఆయనది. చెన్నై నుంచి నెల్లూరు వచ్చే దారిలో ఉంటుంది చోళవరం. రెండో ప్రపంచయుద్ధం నాటి అక్కడి రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు రేసులు జరిపేది. ఆ రోజుల్లో అక్కడ తిరిగిన రేసరే కరివర్ధన్. డబ్బున్నవారు విదేశీ కార్లు దించితే మిగతావారు చూస్తూ ఉండాల్సిందే. దానికి విరుగుడుగా ఆయన 1980ల చివర్లో ఒంటి సీటు రేసు కారు తయారుచేశారు. ఇంజిను... మన వీధుల్లో తిరిగే మారుతి 800ది! దాని పేరు ఫార్ములా మారుతి. అందరికీ ఒకే రకం కారు కాబట్టి తేడా ఉంటే గింటే నడిపేవాడి చేతుల్లోనే ఉండాలి.

ఆ కారుతోనే మొదలైన కోయంబత్తూరు కుర్రాడు నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడయ్యాడు. అది చూడటానికి కరివర్ధన్ లేరు. 1995లోనే విమాన ప్రమాదంలో కన్నుమూశారు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలోని రేస్ ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు.

పెద్ద పోటీల్లోనూ ఈ కట్టుబాట్లు తప్పవు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా-ఈ రేసు గుర్తుందా? అన్ని జట్లకూ ఒకే చట్రం, ఒకే బ్యాటరీ, ఒకే టైర్లు. కంపెనీలు సొంత తెలివి చూపించుకోవడానికి మిగిలింది ప్రధానంగా వెనక భాగమే. అక్కడి మోటారూ వెనక సస్పెన్షనూ వాటిలో ఉన్నాయి. ఆ రోజు మూడోవాడిగా గీత దాటిన సెబాస్టియన్ బ్యూమి, అనుమతించినదానికన్నా ఎక్కువ విద్యుత్ శక్తి వాడినట్టు తేలడంతో ఆ స్థానం పోగొట్టుకున్నాడు. కోట్ల రూపాయల కారుకైనా పళ్ల లెక్క పళ్ల లెక్కే!

బుష్ దగ్గర ధర్మసందేహం

కోట్లు లేని క్లబ్బు పోటీదారుకి అసలు పరీక్ష మరమ్మతు రోజున ఎదురవుతుంది. వెనక ఇరుసును పట్టి ఉంచే రబ్బరు బుష్ అరిగిపోయింది. తిన్నగా వెళుతున్నా కారు వెనక భాగం ఊగుతోంది. కొత్త రబ్బరు బుష్ వేస్తే అది బాగుచేయడం. దాని బదులు గట్టి పాలీయురేథేన్ బుష్ వేస్తే ఎక్కువకాలం మన్నుతుంది, కదలిక తగ్గుతుంది, మలుపూ చక్కగా తిరుగుతుంది. అయితే మార్పులకు అనుమతి లేని విభాగంలో అది మెరుగుచేయడం. పగిలిన బ్రాకెట్‌కి వెల్డింగు చేస్తూ అదనంగా ఒక రేకు అతికిస్తే? బలం కోసమే అంటాడు యజమాని. లాభం కోసం అంటాడు పక్క పోటీదారు. ఇద్దరి మాటలోనూ నిజముంది!

'ఒక్క బుష్‌కి ఇంత రాద్ధాంతమా' అనిపించొచ్చు. ఇవాళ ఒకడు బుష్ మారిస్తే వచ్చేసారి అందరూ మార్చాలి. ఆ తర్వాత ఖరీదైన షాకబ్జర్లు, ఆ పైన స్ప్రింగులు... చివరికి జీతం మిగుల్చుకుని రేసుకొచ్చే కుర్రాడు కారు అమ్ముకుని ఇంటికెళ్తాడు. నిబంధన కాపాడేది అతణ్నే.

అలాగని పుస్తకమే వేదం కాదు. మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. కార్లు పాతబడి, అసలు విడిభాగాలు అరుదయ్యేకొద్దీ అదే రకం వేయాలని పట్టుబడితే, అరిగిన భాగంతోనే ట్రాక్ ఎక్కే ప్రమాదముంది. ప్రాణం కన్నా నిబంధన ఎక్కువ కాదు. అందుకే చేసిన మరమ్మతును దాచకుండా రేసుకు ముందే తనిఖీ అధికారికి చూపించడం, అందరికీ వర్తించేలా మినహాయింపు అడగడం మంచి పద్ధతి. ఒకరికే తెలిస్తే అది కిటుకు... అందరికీ తెలిస్తే నిబంధన.

రేసు అయ్యాక గెలిచిన కారును పైకెత్తి, చక్రాలు విప్పి చూడటం మామూలే. ఆ కాసేపూ పక్కనే నిలబడి నిబ్బరంగా టీ తాగగలిగితే... కప్పు చేతికి రాకముందే గెలిచినట్టు!