మీట మారిస్తే టైము తగ్గుతుందా?

ఆదివారం పొద్దున్నే ఐదింటికి లేచి, నలభై మైళ్ళు వెళ్ళి, ఖాళీ పార్కింగ్ లాట్లో నారింజరంగు కోన్ల మధ్య ఒక్కో నిమిషం చొప్పున ఆరుసార్లు కారు తిప్పి, మిగతా పూటంతా ఎండలో నిలబడి వేరేవాళ్ళు పడగొట్టిన కోన్లు సర్ది, సాయంత్రానికి మొహం మాడ్చుకుని ఇంటికొచ్చేవాణ్ణి ఏమనాలి? మా ఆవిడ ఒకటంటుంది గానీ అది ఇక్కడ రాయలేను. అమెరికాలో ఈ ఆటని ఆటోక్రాస్ అంటారు. ఎస్‌సీసీఏ వాళ్ళ భాషలో సోలో. ఒకసారికి ఒకే కారు, పోటీ గడియారంతో. కోను పడితే 2 సెకన్లు కలుపుతారు, దారి తప్పితే ఆ రన్ పోయినట్టే. రెండో గేరు దాటే అవసరం పెద్దగా రాదు.

మా నాన్నగారికి ఫోన్లో ఇదంతా వివరిస్తే, "పొలం దున్నడం కూడా అంతేగదరా, గట్ల మధ్య తిరగడమేగా" అన్నారు. పశ్చిమగోదావరిలో ముప్ఫయ్యేళ్ళు ట్రాక్టరు నడిపిన మనిషి. ఆయన మాట మళ్ళీ వస్తుంది, కాస్త ఆగండి.

నా కారు 2011 సుబారూ ఎస్‌టీఐ, సెకండ్ హ్యాండ్. (2021 మోడల్ తర్వాత అమెరికాలో ఈ కారు అమ్మడం మానేశారు.) నేను మనసు పారేసుకున్నది ఇంజన్ మీద కాదు, గేర్ రాడ్ వెనకాలున్న మీట మీద. దాని పేరు డీసీసీడీ, అంటే సెంటర్ డిఫరెన్షియల్ ఎంత బిగుసుకోవాలో డ్రైవరే చెప్పుకోవచ్చన్నమాట.

నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళే కారు మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా కాస్త ఎక్కువ దూరం పోతాయి. ఆ తేడాని సర్దేది సెంటర్ డిఫరెన్షియల్. నా కారులో మామూలుగా ఇంజన్ బలం 41 వంతులు ముందుకి, 59 వెనక్కి పోతుంది. డిఫరెన్షియల్ వదులుగా ఉంటే ముక్కు తేలిగ్గా తిరుగుతుంది, కానీ ఒక ఇరుసు జారితే బలం అటే పోయి వృథా అవుతుంది. బిగిస్తే ముందూ వెనకా కలిసి తిరుగుతాయి, జారే నేల మీద పట్టు దొరుకుతుంది, కానీ ఇరుకు మలుపులో బండి తిరగనని మొండికేస్తుంది. మాన్యువల్లో పెడితే ఇందులో ఆరు మెట్లున్నాయి. ఆటోలో పెడితే స్టీరింగ్, యాక్సిలరేటర్, చక్రాల వేగం చూసుకుని కంప్యూటరే నిర్ణయిస్తుంది. పైగా వదులు వైపుకి ఆటో మైనస్, బిగువు వైపుకి ఆటో ప్లస్. ఇన్ని ఆప్షన్లుంటే మనబోటి ఇంజనీరు ఊరుకుంటాడా?

పోయిన సీజన్లో ఒకరోజు ఆరు రన్లలో ఐదు సెట్టింగులు మార్చాను. ఆటోలో 54.6. పూర్తిగా వదిలేస్తే 53.4. రెండు మెట్లు బిగిస్తే 53.0. పూర్తి లాకులో 53.9. ఆటో మైనస్‌లో 52.8. ఆఖరిది కూడా ఆటో మైనస్సే, 52.9, కానీ ఒక కోను లేపేశాను. ఇంకేముంది, ఆటో మైనస్సే గొప్పదని తేల్చేశాను. అంతటితో ఆగితే బావుండేది. కంపెనీ ఇచ్చిన కంట్రోలర్ సరిగ్గా ఆలోచించట్లేదని, బయట దొరికే ఇంకో కంట్రోలర్ కొందామని కార్ట్‌లో కూడా పెట్టాను. ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బుల్లోంచి. ఈ ముక్క నాన్నగారికి చెప్పలేదు.

ఆ సాయంత్రమే, పోటీ అయ్యాక సరదా రన్లప్పుడు, మాకు నేర్పే పెద్దాయనొకరు నా కారు ఒకసారి నడుపుతానన్నారు. మీట మామూలు ఆటోలో పెట్టారు. 49.7! అదే కారు, అవే టైర్లు. పైగా పక్కసీట్లో నేను.

దిగాక ఆయన డిఫరెన్షియల్ మాటే ఎత్తలేదు. "నువ్వు ముందున్న కోన్ని చూస్తున్నావు, దాని తర్వాతదాన్ని చూడు. బ్రేకు ఆలస్యంగా కొట్టి, అప్పుడే స్టీరింగ్ తిప్పుతున్నావు. ముందు టైర్లు ఒకేసారి రెండు పనులు ఎలా చేస్తాయి?" అన్నారు. కారు ముక్కు తిరగట్లేదని నేను మీట మీద నెపం వేస్తున్నా. అసలు సంగతి నేనే మలుపులోకి మరీ వేగంగా వస్తున్నా. టైరుకి లేని పట్టుని ఏ డిఫరెన్షియల్ తెచ్చిస్తుంది?

ఇంటికొచ్చి నా లెక్కలు మళ్ళీ చూసుకుంటే నవ్వొచ్చింది. ప్రతి రన్‌కీ కోర్సు కొంచెం గుర్తుంటుంది, టైర్లు కొంచెం వేడెక్కుతాయి. ఏ సెట్టింగైనా చివర్లో వాడితే గొప్పగానే కనిపిస్తుంది. ఆఫీసులో ఎవడైనా ఇలాంటి టెస్టు పట్టుకొస్తే ఉతికి ఆరేసేవాణ్ణి. (నేనూ తక్కువ తిన్లేదు లెండి. ఒకసారి సర్వర్ నెమ్మదించిందని రెండు రాత్రులు మెమరీ సెట్టింగులు మార్చాను. తీరాచూస్తే లూపులో క్వెరీ రాసిన మహానుభావుణ్ణి నేనే.)

తర్వాతి పోటీలో ఆరు రన్లూ ఆటోలోనే చేశాను. కోర్సు నేర్చుకునే మొదటి రెండూ వదిలేస్తే, మిగిలిన నాలుగింటి మధ్య తేడా 1.1 సెకన్లు. ఏమీ మార్చకుండా! సెట్టింగు మార్చితే వచ్చేది మహా అయితే అర సెకను. నా ఊగిసలాటే సెకను పైన ఉంటే, ఆ అర సెకను మీటదో నాదో ఏ దేవుడు చెప్పాలి? కార్ట్ ఖాళీ చేసి ఇంటికి డబ్బులు పంపేశాను.

ఈ సీజన్లో మొదటి నాలుగు పోటీలూ మీట ముట్టుకోలేదు. చూపు, బ్రేకు, అంతే. నాలుగోసారికి తేడా 0.4కి దిగింది. ఐదోదాంట్లో, కోర్సు చేతికొచ్చాక, ఆటో, ఆటో మైనస్, మళ్ళీ ఆటో, మళ్ళీ ఆటో మైనస్, ఇలా మార్చిమార్చి చూశా. రెండుసార్లూ ఆటో మైనస్ 0.3 ముందుంది. అంతకన్నా ముఖ్యం, ముక్కు తేలిగ్గా తిరగడం చేతికి తెలిసింది. నాలుగు రన్లతో రుజువైపోయిందనను, కానీ పోయినేడాది లెక్కలకన్నా నయం. మరోరోజు వానలో అదే సెట్టింగుతో వెనకభాగం జారబోయింది. నోరు మూసుకుని ఆటోకి వచ్చేశాను.

కాబట్టి కొత్తగా మొదలెట్టేవాళ్ళకి నా సలహా: ముందు ఆటోలో వదిలెయ్యండి. ఒకే సెట్టింగులో మీ రన్లు అర సెకను లోపల పడేదాకా మీట జోలికెళ్ళొద్దు. ఆ తర్వాత పొడినేల, ఇరుకు మలుపులైతే వదులు వైపు, నేల జారుతుంటే బిగువు వైపు, ఒక్కో మెట్టూ చూడండి. పాత సెట్టింగుకి ఓసారి తిరిగొచ్చి సరిచూసుకోండి.

మొన్న ఫోన్లో నాన్నగారికి కంట్రోలర్ సంగతితో సహా అంతా చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన ట్రాక్టరుకీ లాకుందిగా. దమ్ములో ఒక చక్రం జారితే నొక్కాలి, తిప్పేముందు వదలాలి. కొత్తగా వచ్చిన కుర్రాడికి మాత్రం మొదటి సీజనంతా ముట్టుకోవద్దనేవాణ్ణి" అన్నారు.

ఎందుకని అడిగాను.

"బురద ఎక్కడుందో ముందు వాడి కంటికి తెలియాలిగా!"