బార్సెలోనా వీథిగానము

స్పెయిన్ దేశమునకు ఈశాన్యమున, మధ్యధరా సముద్రతీరమున కటలోనియా అను ప్రాంతము కలదు. దాని ముఖ్యపట్టణము బార్సెలోనా. ఆ నగరమును చూడబోవువారు సాధారణముగా ఉన్నత గోపురములు గల సగ్రద ఫమీలియా చర్చిని, 1992లో ఒలింపిక్ క్రీడలు జరిగిన మోంజుయిక్ కొండను, ఓడరేవును చూచి మరలుదురు. నేను చెప్పబోవునది ఆ నగరపు పేదపేటలలో పుట్టిన ఒక పాటను గూర్చి. దానికి రాతిగోపురములు లేవు. ఒక గిటారు, చరచుటకు రెండు అరచేతులు, నలుగురు కూడుటకు ఒక వీథిమూల, ఇంతియే దాని సంపద. దానిని కటలన్ రుంబా అందురు.

ముప్పది యేండ్లకు పైగా తెలుగు బోధించి విశ్రాంతి పొందిన పిదప, ఉద్యోగరీత్యా ఆ నగరమున నున్న మా కుమారుని యింట కొన్నినాళ్లు గడపు అవకాశము నాకు కలిగినది. అది ఆగస్టు మాసము. వారి యిల్లు గ్రాసియా అను పేటకు సమీపమున నున్నది. గ్రాసియా 1897 వరకు వేరొక పట్టణము. ఆ యేట బార్సెలోనాలో కలిసినది. అయినను దాని యిరుకు వీథులలో, చిన్న కూడళ్లలో, ఇరుగుపొరుగు పలుకరింపులలో ఊరి పోలికలు ఇంకను మిగిలియున్నవి. ఆగస్టు నడుమ అచ్చట వారము దినములు పేట పండుగ జరుగును. ఒక్కొక్క వీథివారు కాగితములు, అట్టపెట్టెలు, వాడి పారవేసిన సీసాలు మొదలగువానితో నెలల తరబడి శ్రమించి తమ వీథిని అలంకరింతురు. మేలైన అలంకారమునకు బహుమతియు కలదు.

ఆ పండుగ రాత్రులలో ఒకనాడు, ఆ దేశభాష నేర్చిన మా కోడలు నన్ను రస్పాల్ అను కూడలికి తీసికొనిపోయినది. గ్రాసియాలోని జిప్సీ కుటుంబములవారు తరతరములుగా కూడుచుండు చోటది. స్పెయిన్‌లో వారిని గితానోలని పిలుతురు. కూడలి మూల ఒక చిన్న వేదికపై ఆరుగురు వాయించుచుండిరి. నడుమ గిటారు పట్టిన డెబ్బది యేండ్ల వృద్ధుడు. ఆయనకు ఇరుప్రక్కల చేతులు చరచువారు ఇద్దరు. బోంగో అను జంట చిన్నడోళ్లు వాయించువాడు ఒకడు. విద్యుత్ గిటారుపై మంద్రస్వరములు పలికించు యువకుడు ఒకడు. చివర ఒక పెట్టెవంటి యంత్రముపై మీటలు నొక్కుచు, నేటి నృత్యశాలలలో వినవచ్చు ధ్వనులను పుట్టించు యువతి. పిల్లలు, వృద్ధులు, పండుగ చూడవచ్చిన పరదేశీయులు అందరును ఆ పాటకు అడుగులు వేయుచుండిరి.

నా చూపును కట్టివేసినది ఆ వృద్ధుని కుడిచేయి. ఇతరులు గిటారు తీగలను వ్రేళ్లతో మీటుట నేను చూచియున్నాను. ఈయన మీటుటతో తృప్తిపడలేదు. చేయి క్రిందికి దిగునపుడు తీగలు పలికినవి; వెంటనే అరచేయి గిటారు కొయ్యపై పడి మద్దెలవలె మ్రోగినది; మరల పైకి లేచునపుడు వ్రేళ్లు తీగలను తాకి ఇంకొక స్వరము పలికించినవి. మణికట్టు విసనకర్రవలె అటునిటు ఆడుచుండుటచే ఈ వాదనమునకు వెంటిలదోర్ అని పేరు వచ్చినది. గాలి విసరు సాధనమని ఆ మాటకు అర్థము. వాయించునది ఒక్క వాద్యమే. వినవచ్చునది మాత్రము తీగల నాదము, డోలు దెబ్బ రెండును. చేతులు చరచువారిలో ఒకడు తాళము మీదను, రెండవవాడు తాళములకు నడుమను చరచుచు ఆ దెబ్బల సందులను నింపుచుండిరి. పెండ్లియింట, ఇరుకు గదిలో, ఒక్క గిటారే మేళమంతటి పని చేయవలసిన చోట ఎంతో ఉపకరించు నేర్పిది.

విరామసమయమున నేను మా కోడలి ద్వారా ఆయనను ఒక ప్రశ్న అడిగించితిని. “అయ్యా, ఈ యంత్రధ్వనులు మీ పెద్దల పాటను చెరుపవా?” ఆయన మాటతో బదులు చెప్పలేదు. యంత్రము ముందున్న యువతిని పిలిచి తన గిటారును ఆమె చేతికి ఇచ్చెను. ఆమె కూర్చుండి, ఆ వెంటిలదోర్ దెబ్బను తడబాటు లేక, ఆయన వాయించిన తీరుననే వాయించినది. ఆయన తలయూపి గిటారు తిరిగి తీసికొనెను. ఆమె మరల తన యంత్రము చెంతకు పోయినది. అదియే నాకు లభించిన సమాధానము.

దాని విలువ గ్రహింపవలెనన్న గితానోల పూర్వకథ కొంత తెలియవలెను. గితానో అను పేరే ఒక పొరపాటునుండి పుట్టినది. వారు ఈజిప్టునుండి వచ్చిరని నాటి యూరోపువారు తలచి, ఆ దేశము పేరిట వారిని అట్లు పిలిచిరి. 18వ శతాబ్దాంతమున జర్మన్ పండితులు వారి జాతిభాషయైన రొమానీని పరిశీలించి, అది ఉత్తరభారత భాషలకు సోదరియని చాటిరి. భాషోపాధ్యాయుడనగుటచే ఈ సంగతి నన్ను మిక్కిలి ఆకర్షించినది. రొమానీలో అంకెలు యేక్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్. నీటిని పానీ అందురు. ముక్కు నక్, చెవి కన్. ఏక, ద్వి, త్రి, పంచ అని చదివిన తెలుగు విద్యార్థికి, పానీయము, నాసిక, కర్ణము అను మాటలెరిగిన వానికి, ఈ మాటల చుట్టరికము వేరుగా చెప్పనక్కరలేదు. వారి పూర్వులు సుమారు వేయి యేండ్ల క్రిందట మన దేశమును వీడి, పారశీక, ఆర్మీనియా, గ్రీకు దేశముల మీదుగా పడమరకు సాగిరి. ఆయా దేశముల మాటలు కొన్ని నేటికిని ఆ భాషలో నిలిచి వారి త్రోవను తెలుపుచున్నవి.

1425లో అరగాన్ రాజు వారిలో కొందరికి తన రాజ్యమున సంచరించుటకు అనుమతిపత్రము నిచ్చెను. 1447 నాటికి వారు బార్సెలోనా చేరిరి. కాని ఆ ఆదరము ఎక్కువకాలము నిలువలేదు. తిరుగుట మాని ఒకచోట పనిలో కుదురుకొనవలెను, లేనిచో దేశము విడువవలెనని 1499లో రాజశాసనము వెలువడినది. తరువాతి శాసనములు వారి వేషమును, భాషను సైతము నిషేధించినవి. 1749 జూలైలో రాజభటులు దేశమంతట ఒక్కసారిగా వారిపై బడి వేలకొలది జనులను బంధించిరి. మగవారిని నౌకానిర్మాణ శాలలకును, ఆడవారిని వేరుచోట్ల పనియిండ్లకును పంపి కుటుంబములను చీల్చిరి. కొందరికి విడుదల కలుగుటకు పది సంవత్సరములకు పైగా పట్టినది. ఇట్లు తరతరములు గడచుటచే వారి భాష స్పెయిన్‌లో చితికిపోయినది. నేడు మిగిలినది కాలో అను పేరిట, స్పానిష్ వాక్యములలో పొదిగిన కొన్ని మాటలు మాత్రమే. నోటనున్న భాషను శాసనము అణచగలిగినది. చేతిలోని లయను అణచలేకపోయినది.

ఆ లయ 1950వ దశకమున బార్సెలోనాలో క్రొత్తరూపు దాల్చినది. సేరా వీథి, హోస్తాఫ్రాంక్స్, గ్రాసియా అను మూడుచోట్ల నున్న గితానో కుటుంబములు దానికి పుట్టినిండ్లు. ఆ కాలమున గ్రామఫోను పలకలమీదను, రేడియోలోను క్యూబా ద్వీపపు నృత్యసంగీతము వినవచ్చుచుండెను. క్యూబా 1898 వరకు స్పెయిన్ ఏలుబడిలో నున్నది. బానిసలుగా కొనిపోబడిన ఆఫ్రికావారి తాళములు, స్పెయిన్ నావికుల పాటలు అచ్చట కలిసి, మరల ఓడలెక్కి తిరిగివచ్చినవి. అట్టివానిని స్పెయిన్‌వారు పోయి వచ్చిన పాటలని ముద్దుగా పిలుతురు. దక్షిణ స్పెయిన్ నుండి వచ్చిన ఫ్లమెంకో గానము, క్యూబా తాళము, గితానోల గిటారు దెబ్బ కలిసి కటలన్ రుంబా అయినది. దీనిని మొదట వాయించినది గ్రాసియాకు చెందిన అంతోనియో గోన్సాలెసా, లేక సేరా వీథికి చెందిన పెరెట్ అను గాయకుడా అను వాదము నేటికిని తీరలేదు. ఒక్కరి పేరు వ్రాయుటకు వీలుకానంతగా అది పలువురి చేతులలో పెరిగినది.

దానిని లోకమునకు వినిపించిన కీర్తి మాత్రము పెరెట్‌ది. ఆయన 1935లో మతరో పట్టణమున జన్మించెను. తండ్రి వెంట తిరుగుచు సరకులమ్మిన బాలుడు, 1971లో ‘బొర్రికీతో’ అను పాటతో యూరోపు దేశములందు పేరొందెను. 1974లో యూరోవిజన్ గీతపోటీలో స్పెయిన్ పక్షమున పాడెను. ఆయన క్యూబా మాంబోను, అమెరికా రాక్ సంగీతమును రెంటిని ప్రేమించినవాడు. మన మిప్పుడు సంప్రదాయమని గౌరవించుచున్న పెరెట్ పాట ఆనాటికి మిక్కిలి క్రొత్తదియను మాట మరువరాదు.

కొంతకాలమునకు ఆదరణ తగ్గినది. 1982లో పెరెట్ పాట విడిచి మతబోధకుడయ్యెను. అట్టి దినములలో రుంబాకు ప్రాణము పోసినవాడు గాతో పేరెస్. గాతో అనగా పిల్లి; అది ఆయన ముద్దుపేరు. ఆయన గితానో కాడు, కటలోనియాలో పుట్టినవాడును కాడు. 1951లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్‌లో పుట్టి, 1966లో బార్సెలోనా చేరెను. రాక్ సంగీతమునుండి వచ్చి, గితానోల పాటను ప్రేమతో నేర్చి, దానికి సల్సా పోకడలను జోడించెను. తాను ఎవరివలన నేర్చెనో ఆ గితానోలను తన పాటలలోనే కొనియాడెను. 1990లో ముప్పది తొమ్మిదవ యేట మరణించెను. రెండేండ్ల పిమ్మట బార్సెలోనా ఒలింపిక్ క్రీడల ముగింపు ఉత్సవమున, తిరిగి గానమునకు వచ్చిన పెరెట్, లోస్ అమాయా, లోస్ మనోలోస్ బృందములతో కూడి రుంబా పాడగా లోకమంతయు చూచినది. పెరెట్ 2014లో కన్నుమూసెను.

1996లో ఆ నగరముననే ‘ఓహోస్ దె బ్రూహో’ అను బృందము ఏర్పడినది. మాంత్రికుని కన్నులని ఆ పేరునకు అర్థము. వారు రుంబా, ఫ్లమెంకోలకు అమెరికా నగరముల హిప్‌హాప్ పలుకుబడిని, తిరుగు పలకను చేతితో ఆపి త్రిప్పి పుట్టించు ధ్వనులను చేర్చిరి. మన తబలాయు వారి మేళమున చోటు చేసికొన్నది. గితానోల పూర్వులు వీడివచ్చిన దేశపు వాద్యము ఇట్లు మరియొక త్రోవన వారి పాట చెంతకు చేరినది. ఆ బృందము తమ పలకలను తామే వెలువరించుటకు సొంత సంస్థను నెలకొల్పుకొన్నది. 2002లో వచ్చిన ‘బారీ’ వారికి 2004లో బి.బి.సి. ప్రపంచ సంగీత పురస్కారమును తెచ్చినది. 2006 నాటి సంపుటికి ‘తెచారీ’ అని కాలో భాషలో పేరు పెట్టిరి. స్వేచ్ఛ గలది అని దాని భావము. ఒకప్పుడు శాసనము నిషేధించిన భాషలోని మాట, స్వేచ్ఛను తెలుపు మాట, అంగడులలో అందరి కంటబడినది.

విద్యార్థులారా, క్రొత్తది కలిసినచో పాతది చెడునని కొందరు భయపడుదురు. రుంబా కథను చూచినచో, అది పుట్టినది మొదలు కలయికయే. కలియుటవలన అది చావలేదు. దానికి నిజమైన ఆపద వేరొకటి. నేడు కంప్యూటరు మీట నొక్కినచో వెంటిలదోర్‌ను పోలిన దెబ్బ తనంతట తానే మ్రోగును. ఆ ధ్వని చాలునని తలచిననాడు, మణికట్టు నొప్పి పుట్టునంతవరకు పెద్దల చెంత కూర్చుండి నేర్చువారుండరు. గ్రాసియాలో ఇంటి అద్దెలు నానాటికి పెరుగుచున్నవి. పాత కుటుంబములు పేట విడిచిపోయినచో ఆ పెద్దలును దగ్గర నుండరు. అపుడు పాట మ్రోగుచునే యుండును, కాని అది ఎవరిదో చెప్పువారుండరు.

కావున క్రొత్త యంత్రమును పట్టుకొన్న చేతిని నిందింపరాదు. ఆ చేతికి పాత విద్య వచ్చునా, రాదా అనుటయే అడుగదగిన ప్రశ్న. మీ యింటను, మీ వీథిలోను పెద్దల చేతిలో ఏదో యొక నేర్పు ఉండియే తీరును. అది పాట కావచ్చును, నేత కావచ్చును, వంట కావచ్చును. దానిని పుస్తకమున వ్రాసియుంచుట మంచిదే. వారి చేయి ఆడుచుండగా ప్రక్కన కూర్చుండి నేర్చుట అంతకన్న మంచిది. అట్లు నేర్చిన పిదప లోకమునందలి యే క్రొత్తదనమునైనను నిర్భయముగా దానికి జోడింపుడు.