తేదీ గడిలో పట్టనివి

కోనసీమ లంక ఊళ్లలో ఆడవాళ్ల జీవిత కథనాలు రికార్డు చేస్తున్న ఇన్నేళ్లలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది "ఎప్పుడు పుట్టారు?" అన్న ప్రశ్నే. కాగితం మీద రోజు, నెల, సంవత్సరం అని మూడు గడులుంటాయి. ఎదురుగా కూచున్నావిడేమో "ఎనభై ఆరు వరదకి మా పెద్దది బడికెళ్తోందమ్మా, చిన్నోడు చంకలో ఉన్నాడు" అంటుంది. ఇంకొకావిడ తన బతుకంతా 1996 నవంబరు తుఫానుకి ముందు, తరవాత అని రెండుగా చేసి చెబుతుంది. కొబ్బరితోట కూలిందీ, పెనిమిటి పోయిందీ ఆ ఏడే. దీన్ని గుర్తులేకపోవడం అంటారా ఎవరైనా?

ఫారాలు నింపేవాళ్లు వీళ్లందరినీ జనవరి ఒకటిన పుట్టించేస్తారు. ఒకే వాకిట్లో తల్లికీ కూతురికీ అదే పుట్టినరోజు. ఆధార్ నమోదులో రుజువు కాగితం లేకపోతే చెప్పిన వయసుని బట్టి పుట్టిన సంవత్సరం అంచనా కట్టి రాస్తారు. అది అంచనా అన్న సంగతి మాత్రం తరవాత ఏ ఆఫీసుకీ పట్టదు. వరద కబురు చెప్పినావిడ కార్డులో 1971 అని ఉంది. బడికెళ్లే ఆ పెద్దపిల్లకి అప్పటికి ఆరేళ్లనుకున్నా, కార్డు లెక్కన ఈవిడ తొమ్మిదేళ్లకే తల్లయిందన్నమాట! ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛనుకి అరవై నిండాలి. చేతులు వణుకుతున్నా ఆవిడ ఇంకా కూలికి పోతూనే ఉంది.

గంటల లెక్కదీ ఇదే గొడవ. 2024 జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు దానికే పెడుతున్నారనీ, చేసే మగవాళ్లు 88 నిమిషాలనీ తేలింది. ఈ అంకెలు మనకి కావాలి, వాటితోనే వాదిస్తాం. అయితే ఆ సర్వే రోజుని అరగంట ముక్కలుగా కోస్తుంది. పొయ్యి మీద పాలు, ఒళ్లో చంటిది, మంచంలో అత్తగారి దగ్గు మీద ఓ చెవి. ఆ చెవికి ఎన్ని నిమిషాలు రాయాలి?

నా నోటుబుక్కులో ఇప్పుడు రెండు గడులు గీసుకున్నాను. మొదటిదాంట్లో ఆవిడ అన్నమాట అన్నట్టే. రెండోదాంట్లో నేను కట్టిన సంవత్సరం, అది నా లెక్కేనన్న గుర్తుతో. కంప్యూటర్లోకి ఎక్కిస్తున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసింది, ఎనిమిది అంకెలు పడితేగానీ తేదీ తీసుకోవట్లేదు మేడమ్, జనవరి ఒకటి వేసేయనా అని. వద్దు, ఆ గడి పేరు మార్చి మాటలు పట్టేలా చెయ్యమన్నాను. రెండు రోజులు పడుతుందట.